సంపూర్ణమ్మ గారి రవ్వ బ్యాంకు

శుక్రవారం నమాజు అయ్యాక బెజవాడ పటమటలో నిసార్ అహ్మద్ గారి పిండిమర దగ్గర కాసేపు నిలబడి చూడండి. బియ్యం డబ్బాలు పట్టుకుని లోపలికి వెళ్ళిన ఆడవాళ్ళు రవ్వ సంచులు పట్టుకుని బయటికి వస్తుంటారు. రిక్షా దిగి వచ్చిన డాక్టరు గారి భార్య చేతిలోని సంచీ, బందరు కాలవ గట్టు మీది గుడిసెలోంచి నడిచొచ్చిన బాలింత చేతిలోని సంచీ ఒక్కలాగే ఉంటాయి. ఎవరు ఇవ్వడానికి వచ్చారో, ఎవరు ఇంట్లో గింజ లేక వచ్చారో చూసి చెప్పడం కష్టం. ఆ ఏర్పాటు కావాలనే అలా చేశారు.

ఊళ్ళో దీన్ని రవ్వ బ్యాంకు అంటారు. కాగితాల మీద ఇంకేదో పెద్ద పేరుంది గాని, ఆ పేరు చెబితే రిక్షావాడికి దారి తెలియదు. ఇప్పుడు ఉయ్యూరులో, పామర్రులో, చల్లపల్లిలో, బందరులో కూడా శాఖలున్నాయి. ఆటోనగర్‌లో రేకుల పని చేసే సైదావలి ప్రతి శాఖకీ బిగుతు మూతల పీపాలు చేసిచ్చాడు. లారీ షెడ్ల వాళ్ళు బందరు వైపు ఖాళీగా వెళ్ళే బండి ఉంటే కబురు చేస్తారు. బస్తాలు అందులో పోతాయి. డెబ్బయ్యేడు నవంబరులో ఉప్పెన వచ్చి దివిసీమ ఊళ్ళు నీట మునిగినప్పుడు, రోడ్ల మీద పడిన చెట్లు తీసి బయటి లారీలు లోపలికి వచ్చేలోగా చల్లపల్లి శాఖ రవ్వతోనే జావ కాచారు. తడిసిన కట్టెలతో అన్నం ఉడకడం గగనం. రవ్వకి నాలుగు మంటలు చాలు.

బ్యాంకుకి ప్రెసిడెంటు ఒక రిటైర్డు హెడ్మాస్టరు. సెక్రటరీ ఒక ఇన్సూరెన్సు ఉద్యోగి. సంపూర్ణమ్మ గారికి ఏ పదవీ లేదు. ఆమె ప్రసూతి ఆస్పత్రిలో ఆయా. మీటింగులో కుర్చీ వేస్తే కూర్చోదు. తలుపు దగ్గర నిలబడి, "మాట్లాడింది చాల్లెండి, పామర్రుకి బస్తాలు పోయినాయా లేదా అది చెప్పండి" అంటుంది. అప్పుడు ప్రెసిడెంటు గారు సెక్రటరీ వైపు చూస్తారు, సెక్రటరీ లెక్కలు రాసే నా వైపు చూస్తాడు.

ఇది పెద్దలందరూ కూర్చుని ఆలోచించి పెట్టిన సంస్థ కాదు. డెబ్బై నాలుగు వేసవిలో సుబ్బరత్నం అనే బాలింత, పాలు ఇంకిపోయి, చంకలో పిల్లాడు వాడిపోతున్నా, ఒళ్ళో పెట్టిన బియ్యం వద్దంది. ఎలాగైనా ఆ పిల్ల చేత తినిపించి తీరాలని సంపూర్ణమ్మ గారు పట్టుబట్టింది. మిగిలినదంతా ఆ పట్టుదల వెనక వచ్చిందే.

నేనప్పుడు కొత్తగా తండ్రినయ్యాను. కాలేజీలో కెమిస్ట్రీ డిమాన్‌స్ట్రేటర్‌ని. మా పాపకి ఎనిమిదో నెల. పాప తుమ్మితే న్యుమోనియా అనుకునేవాణ్ణి, తుమ్మకపోతే ఊపిరి ఆడటం లేదేమోనని ముక్కు దగ్గర వేలు పెట్టి చూసేవాణ్ణి. పసిపిల్లల్ని తూచే రోజున ఆస్పత్రిలో వరసలో ముందు నేనే ఉండేవాణ్ణి. తూకం దగ్గర సంపూర్ణమ్మ గారు ఉండేది.

"మళ్ళీ వచ్చారా మాస్టారూ! ఈసారి పాపకేమైంది?"

"నిన్నటి నుంచి పాలు సరిగ్గా తాగడం లేదండీ."

ఆమె పాపని రెండు చేతులతో ఎత్తి, ఇటూ అటూ తిప్పి చూసింది. "పాపకేం, పొత్రం లాగుంది. మీకే ఏదన్నా టానిక్కు రాయించుకోండి. పిల్లని చూపించే వంకన మీరు చూపించుకోడానికి వస్తన్నారు."

వరసలో ఉన్న తల్లులందరూ నవ్వారు. నా వెనకున్న ఒకామె మాత్రం నవ్వలేదు. పంతొమ్మిదో ఇరవయ్యో ఉంటాయి వయసు. ఆమె పిల్లాణ్ణి తూకంలో పడుకోబెట్టినప్పుడు సంపూర్ణమ్మ గారి నోట ఏ హాస్యమూ రాలేదు. ముల్లు కదలడానికే బద్ధకించినట్టు కదిలింది. వాడి చెయ్యి నా బొటనవేలంత లావుంది.

డాక్టరమ్మ చూసి, పిల్లాడికి జబ్బేమీ లేదని, తల్లికి పాలు లేవని, తల్లి బాగా తినాలని చెప్పింది. ఆవిడ పక్క గదిలోకి వెళ్ళాక సంపూర్ణమ్మ గారు ఆ అమ్మాయి గడ్డం పట్టుకుని అడిగింది.

"ఏమే సుబ్బరత్నం, పొద్దున ఏం తిన్నావు?"

"తిన్నానండీ."

"తిన్నావా అనడగలేదు. ఏం తిన్నావని అడిగా."

"గంజి తాగానండీ."

"నిన్న?"

సుబ్బరత్నం పిల్లాడి మొహం మీద వాలిన ఈగని తోలింది.

వాళ్ళది చల్లపల్లికి కింద ఒక పల్లె. కాలవలో నీళ్ళున్నన్నాళ్ళూ నాట్లు, కలుపులు, కోతలు, ఏదో ఒక పని ఉంటుంది. వేసవిలో కాలవలు కట్టేస్తే పని కూడా ఆగిపోతుంది. అందుకని మొగుడూ, అత్తా, ఈ పిల్లా గుడిసెకి తడిక కట్టేసి బెజవాడ వచ్చారు. బందరు కాలవ గట్టు మీద తాటాకులు కప్పుకుని ఉంటున్నారు. మొగుడు ఆటోనగర్‌లో సామాను ఎత్తే పని దొరికిన రోజున వెళతాడు. బరువులు మోసేవాడు కాబట్టి ముందు అతను తింటాడు. తర్వాత అత్త. కుండలో ఏదన్నా మిగిలితే సుబ్బరత్నం.

సంపూర్ణమ్మ గారి భర్త ఆమోసు అదే కాలవ మీద లస్కరు. లాకుల దగ్గర తలుపులు ఎత్తడం, దించడం ఆయన ఉద్యోగం. ఆ సాయంత్రం ఆమె ఇంటికి వెళ్ళి కాళ్ళు కడుక్కున్న చెంబు కింద పెట్టకుండానే భర్త మీద పడిందట.

"నువ్వు తలుపు దించావు, అక్కడ ఆ పిల్ల పొయ్యి ఆరిపోయింది."

"నేను దించడమేంటే? డిపార్టుమెంటు దించమంది."

"దించిన చెయ్యి నీదా, డిపార్టుమెంటుదా?"

"సరే, రేపు పోయి ఎత్తేస్తా. ఉద్యోగం పోయాక మనం కూడా ఆ గట్టు మీదికే పోదాం" అన్నాడు ఆమోసు.

ఆయన ఈ మాట నాతో ఎన్నోసార్లు చెప్పాడు, చెప్పినప్పుడల్లా తన తెలివికి తనే మురిసిపోతూ.

వాళ్ళ చర్చిలో ఒక పద్ధతుంది. అన్నం వండే ముందు ఇల్లాలు ఎసట్లో పోయబోయే బియ్యంలోంచి ఒక పిడికెడు తీసి వేరే పాత్రలో వేస్తుంది. ఆదివారం ఆ పిడికెళ్ళన్నీ చర్చికి తెస్తారు. బల్ల ముందు ఒకే సంచిలో పోస్తారు. అది దేవుడి బియ్యం. సంపూర్ణమ్మ గారు తల్లి కొంగు పట్టుకుని నడిచిన నాటి నుంచీ ఆ సంచి నిండడం చూస్తూనే ఉంది. ఆ ఆదివారం ఆరాధన అయ్యాక స్త్రీల సమాజంలో లేచి, ఇంకో పిడికెడు కావాలని అడిగింది.

సమాజం పెద్ద దానమ్మ గారికి కోపం వచ్చింది. "ఉన్న పిడికెడే కొందరు వేళ్ళు ముడిచి తీస్తున్నారు సంపూర్ణమ్మా. మళ్ళీ రెండోదా?"

"మొదటిది దేవుడికండీ. రెండోది పాలు లేని తల్లికి. అదేంటని ఆయనడిగితే నేను సర్ది చెప్పుకుంటాను."

నవ్వులు లేచాయి. నవ్వాక కాదనడం కష్టమైంది. అంతటితో ఆమె ఆగలేదు. ఖాళీ పాలపొడి డబ్బాలు పోగుచేసి పటమట వీధుల్లో ఇంటింటికీ ఇచ్చింది. హిందువుల ఇళ్ళు, సాయిబుల ఇళ్ళు అని చూడలేదు. మా ఇంటికి కూడా ఒక డబ్బా వచ్చింది. పొయ్యి పక్కన పెట్టుకోమని, రోజూ ఒక పిడికెడు వెయ్యమని మా ఆవిడకి చెప్పింది. వారం తిరిగేసరికి బస్తా నిండింది.

తూకం రోజున సుబ్బరత్నం మళ్ళీ వచ్చింది. సంపూర్ణమ్మ గారు గుడ్డసంచీ నిండా బియ్యం పోసి తెచ్చి, వరండాలో ఆమె ఒళ్ళో పెట్టింది. పాపకి విరేచనం రంగు మారిందని చెప్పడానికి వచ్చి నేను పక్కనే ఉన్నాను. సుబ్బరత్నం సంచీ మూతి విప్పి చూసింది. మొహం వెలిగింది. లోపల చెయ్యి పెట్టి గుప్పెడు తీసింది. ఎండలోకి పట్టుకుని చూసింది. తెల్లగా ఉన్న గింజ, ఎర్రటి దంపుడు గింజ, పసుపుపచ్చగా మెరిసే ఉప్పుడు బియ్యం, సన్నవి, దొడ్డువి, మధ్యలో నూకలు. మెల్లగా గుప్పెడు మళ్ళీ సంచిలో పోసేసింది.

"ఇయ్యి ముష్టి బియ్యం కదా ఆయమ్మ గారూ?"

"ఏంటే?"

"ఒకింటి బియ్యం ఒక రకంగా ఉంటయ్యి. ఇల్లిల్లూ తిరిగి జోలెలో పోయించుకుంటేనే ఇట్టా ఉంటయ్యి. ఇది పట్టుకుపోతే మా అత్త ఏమనుద్ది? నేను వీధులెంట తిరుగుతున్నాననుకోదా?"

"నోరు ముయ్యి! అది దేవుడి బియ్యం."

"మీ చర్చిలో చెల్లుద్దేమోనండీ. మా గట్టు మీద చెల్లదు." సుబ్బరత్నం సంచీ మూతి జాగ్రత్తగా కట్టింది. దాన్ని సంపూర్ణమ్మ గారి కాళ్ళ దగ్గర పెట్టి, దణ్ణం పెట్టి, పిల్లాణ్ణి ఎత్తుకుని వెళ్ళిపోయింది.

సంపూర్ణమ్మ గారు ఆ సంచీ ఎత్తుకుని లోపల పెట్టింది. చిన్నప్పటి నుంచీ ఆ రంగురంగుల బియ్యం చూస్తే ఆమెకి ఎంతమంది ఇళ్ళు, ఎంతమంది చేతులు అనిపించేది. అదే బియ్యం చర్చి గుమ్మం దాటితే బిచ్చగాడి జోలెలా కనిపిస్తుందని ఆమెకి ఎన్నడూ తట్టలేదు. చర్చిలో ఎవరికీ తట్టలేదు.

ఆ రోజు ఇంటికి వెళ్ళి అదే బియ్యం వండింది. కొత్త బియ్యం ముద్దయిపోయింది. ఉప్పుడు గింజ పంటి కింద టిక్కుమంది. "సగం గంజి, సగం గులకరాళ్ళు" అని ఆమోసు మజ్జిగ పోసుకుని మింగాడట.

ఆ తర్వాత ఆమె చెయ్యని ప్రయత్నం లేదు. నలుగురు ఆడవాళ్ళని కూర్చోబెట్టి ఏ రకానికి ఆ రకం ఏరించింది. పూట గడిచేసరికి వాళ్ళ కళ్ళు మండిపోయాయి, సంచీ మాత్రం తరగలేదు. వీధికొక రకం బియ్యమే ఇమ్మని అడిగితే, "మేం వండేదే మేం ఇస్తాం, దానికీ ఆర్డరేనా?" అని దానమ్మ గారు కసిరింది. డబ్బాలు వెలితిగా రావడం మొదలైంది. బియ్యం కొట్టాయన కోళ్ళ మేత కింద తీసుకుంటానన్నాడు. ఆమె ఆయన ముందు నుంచి బస్తా లాగేసుకుంది. "పిల్లల తల్లులు కుండలోంచి తీసిపెట్టింది కోళ్ళకి పొయ్యను" అని చెప్పి, అది నెత్తిన పెట్టుకుని ఇంటికి మోసుకొచ్చింది.

తర్వాతి తూకం రోజున సుబ్బరత్నం రాలేదు. డ్యూటీ దిగగానే సంపూర్ణమ్మ గారు కాలవ గట్టుకి వెళ్ళింది. సుబ్బరత్నం గుడిసె ముందు చాప దులిపి వేసింది, చెంబుతో మంచినీళ్ళిచ్చింది. చుట్టానికి చేసిన మర్యాదంతా చేసి, అప్పుడు అడిగింది.

"మళ్ళీ బియ్యం తెచ్చారా?"

"ఉత్త చేతులతోనే వచ్చానే తల్లీ. నీ కొడుకుని చూసిపోదామని."

మర్నాడు ఆ సంగతి నాకు చెబుతున్నప్పుడు ఆమె గొంతులో రోజూ ఉండే వెటకారం లేదు. "ఏడుస్తన్నాడు మాస్టారూ. ఆ ఏడుపు వినబడాలంటే చెవి వాడి నోటి దగ్గర పెట్టాల్సొచ్చింది. పాలపొడి డబ్బా కొనిస్తే నీళ్ళెక్కువ కలిపి నెల్లాళ్ళు లాగుద్ది, పిల్లాడి ఒళ్ళు ఇంకా పాడవుద్ది. తల్లి తినాల. అదొక్కటే దారి. తినిపిస్తా."

ఆ ఆదివారం ఆమె డబ్బా పట్టుకెళ్ళడానికి మా ఇంటికి వచ్చింది. మా ఆవిడ పాపకి జావ పడుతోంది. సంపూర్ణమ్మ గారు పీట మీద కూర్చుని చూస్తూ చూస్తూ గిన్నెలో వేలు ముంచి నాలిక మీద పెట్టుకుంది.

"మెత్తగా ఉందమ్మా. ఏ బియ్యం?"

"ఏదని చెప్పనండీ? డబ్బాల అడుగున మిగిలినవన్నీ కలిపి సాయిబు గారి మరలో రవ్వ పట్టించాను. అక్కుళ్ళు కొన్ని, మసూరి కొన్ని, మా పుట్టింటి వాళ్ళు పంపిన ఉప్పుడు బియ్యం కొంచెం."

నేను పాప పొట్ట తడిమి చూశాను. "అన్నీ కలిపేశావా? పాపకి అరుగుతుందా?"

"అరక్కపోతే ఈపాటికి మీరు ఆస్పత్రిలో ఉండేవారు కాదా!" అంది మా ఆవిడ.

సంపూర్ణమ్మ గారు నవ్వలేదు. గిన్నెలోకే చూస్తోంది. "కనపట్టం లేదు" అంది. "ఏ రంగూ కనపట్టం లేదు. మాస్టారూ, ఇవన్నీ ఒక్కసారే ఉడుకుతాయా?"

నేను ఉత్సాహంగా మొదలుపెట్టాను. గింజ నిండుగా ఉన్నప్పుడు నీళ్ళు లోపలి దాకా వెళ్ళడానికి ఒక్కో రకానికి ఒక్కో సమయం పడుతుందని, చిన్న ముక్కలు చేస్తే ఆ తేడా దాదాపు పోతుందని, అందులోని పిండిపదార్థం వేడికి...

"ఉడుకుతాయా, ఉడకవా?"

"ఉడుకుతాయండీ."

"అది చాలు." ఆమె పీట మీంచి లేచింది. మా ఆవిడ పెట్టిన కాఫీ అలాగే ఉండిపోయింది.

నేరుగా నిసార్ అహ్మద్ గారి పిండిమరకి వెళ్ళింది. ఆయన కనుబొమల మీద పిండి, మీసాల మీద కారం.

"ఇప్పుడే మిరపకాయలు పట్టానక్కా. దీంట్లో పసిపిల్లల తల్లులకి రవ్వ పడితే మీ ఆస్పత్రిలో మంచాలు చాలవు."

"అయితే మర కడుగు."

"మరని ఎవరన్నా కడుగుతారా? గిన్నె అనుకున్నావా?"

లోపలి గుమ్మంలోంచి ఆయన భార్య అన్వరీ తల బయట పెట్టింది. "గిన్నెలు కూడా ఎన్నడూ కడగలేదులే అక్కా ఆయన. శుక్రవారం నమాజుకి మర ఆపుతారు కదా. ఆ లోపల నేను రాళ్ళు తుడిచి పెడతా. మళ్ళీ మొదలెట్టగానే గుప్పెడు నూకలు తిప్పి పారబోసి, మొదట మీ రవ్వ పట్టిస్తా. మిరపకాయలు ఆ తర్వాత."

నిసార్ అహ్మద్ గారు ఇద్దరినీ మార్చి మార్చి చూశారు. "మర నాదేనా?" అన్నారు.

"కూలెంత?" అంది సంపూర్ణమ్మ గారు.

"శుక్రవారం నమాజు చేసి వచ్చి ఈ పనికి కూలి పుచ్చుకుంటానా అక్కా? పట్టుకురా."

నేను కూడా నా వంతు కంగారు పడ్డాను. బియ్యం ముందు ఎండలో ఆరబెట్టాలని, మరలోంచి వేడిగా వచ్చిన రవ్వ చల్లారకుండా సంచీ కట్టకూడదని, కడితే చెమ్మ పట్టి బూజు వస్తుందని పోరు పెట్టాను. సంపూర్ణమ్మ గారు విసుక్కుంటూనే చాపలు పరిపించింది. చాపలకి కాపలా నన్నే కూర్చోబెట్టింది.

ఆమె ఇంకో సంగతి కూడా ఆలోచించి పెట్టుకుంది. గుడిసెల్లో వాళ్ళకి మాత్రమే ఈ రవ్వ ఇస్తే నాలుగు వారాల్లో దీనికి ముష్టి రవ్వ అని పేరొస్తుంది. పేరు రాకుండా ఉండాలంటే ఇచ్చినవాళ్ళ వంటింట్లో కూడా ఇదే రవ్వ ఉండాలి. అందుకని డబ్బాడు బియ్యం తెచ్చిన ప్రతి ఇల్లాలూ సోలెడు రవ్వ తీసుకుని తీరాలంది.

దానమ్మ గారికి ఇది మింగుడు పడలేదు. "ఇచ్చింది మళ్ళీ తెచ్చుకోవడమేంటి? చేసిన దానం వెనక్కి పుచ్చుకుంటారా ఎక్కడన్నా?"

"దానమనకండి, బ్యాంకనుకోండి. బ్యాంకులో వేసినోళ్ళు తీసుకోరా?"

"నీ బ్యాంకులో రవ్వతో నేనేం చేసుకోను?"

"ఉప్మా చేసుకోండి. మీ ఇంట్లో అయ్యగారికి పెట్టండి. పెట్టి, వీధిలో నలుగురికీ చెప్పండి."

మొదటి శుక్రవారం రవ్వ పట్టాక దానమ్మ గారు గొణుక్కుంటూనే సోలెడూ పట్టుకెళ్ళింది. మర్నాడు, ఉప్మా పొడిపొడిగా వచ్చిందని ఎవరూ అడక్కుండానే చెప్పింది.

రెండో శుక్రవారం వచ్చింది. సంపూర్ణమ్మ గారు కాలవ గట్టుకి వెళ్ళి సుబ్బరత్నం ముందు నిలబడింది. "బియ్యం ఇవ్వను. ఏమీ ఇవ్వను. వచ్చి చూడు. చూడటం కూడా పరువు తక్కువేనా?" అంది. సుబ్బరత్నం పిల్లాణ్ణి చంకనేసుకుని వెనకే వచ్చింది.

మర ముందు సందడిగా ఉంది. దానమ్మ గారు, మా ఆవిడ, అన్వరీ చుట్టాలు, ఆస్పత్రి నర్సొకామె డబ్బాలతో నిలబడ్డారు. నేను పాపని ఎత్తుకుని మరకి దూరంగా, దుమ్ము పడని చోట చూసుకుని నిలబడ్డాను. అందరి డబ్బాలూ ఒక గంపలోకి ఖాళీ అవుతున్నాయి. కిందటి వారం పట్టిన రవ్వ అందరికీ సోలతో కొలిచి ఇస్తున్నారు. సుబ్బరత్నం గోడకి ఆనుకుని అంతా చూసింది. సంపూర్ణమ్మ గారు సోల నిండుగా పట్టుకుని ఆమె ముందుకి వచ్చింది.

"చూశావుగా. మాస్టారి పాప కూడా ఇదే తింటంది. నర్సమ్మా ఇదే తింటంది. కొంగు పట్టు."

సుబ్బరత్నం కొంగు పట్టలేదు. "వాళ్ళందరూ డబ్బాలు తెచ్చారండీ. నేనేం తెచ్చాను?"

సంపూర్ణమ్మ గారు చాపిన సోల వెనక్కి తీసుకుంది. చంకలో పిల్లాడు నోరు తెరిచాడు. ఏడుపు మర చప్పుడులో కలిసిపోయింది.

ఆ ఇబ్బంది పోగొట్టడానికి అన్వరీ చిటికెడు రవ్వ సుబ్బరత్నం అరచేతిలో వేసింది. "తీసుకోకపోతే మానెయ్యి. ఎట్టా వచ్చిందో చూడు."

సుబ్బరత్నం దాన్ని నోట్లో వేసుకుని నమిలింది. పక్కకి తిరిగి ఉమ్మింది. "రాయి తగిలిందండీ."

నేను పాప నోరు తెరిచి లోపలికి చూశాను.

అన్వరీకి ఒళ్ళు మండింది. "తగలదా మరి? ఇంట్లో వంట నేనే, మర తుడిచేది నేనే, బస్తా బియ్యం చెరిగేది నేనే. నాకేమన్నా నాలుగు చేతులున్నాయా? అంత నోరున్నదానివి నువ్వు చెరుగు!"

సుబ్బరత్నం అన్వరీ వైపు చూసింది. గంప వైపు చూసింది. "చేట ఏదీ?" అంది.

గోడకి ఖాళీ బస్తాలు దొంతరగా పేర్చి ఉన్నాయి. పిల్లాణ్ణి వాటి మీద పడుకోబెట్టింది. ఆ పిల్లాడు ఇప్పుడు చల్లపల్లి శాఖలో పీపాల వెనక దాక్కుంటుంటాడు, బయటికి రమ్మని వాళ్ళమ్మ వేసే కేకలు వీధి చివరికి వినబడతాయి. ఆ రోజు మాత్రం వాడు పడుకోబెట్టిన చోట పడుకోబెట్టినట్టే ఉన్నాడు. సంపూర్ణమ్మ గారు వాడి పక్కన కూర్చుని కొంగుతో విసిరింది.

సుబ్బరత్నం కాళ్ళు చాపి కూర్చుని చేట ఒళ్ళో పెట్టుకుంది. బియ్యం గాల్లోకి లేచి మళ్ళీ చేటలోకి ఒక్క గింజ పోకుండా పడుతున్నాయి. పొట్టు ముందుకి ఎగిరిపోతోంది. చేట వంచి తట్టి, వెనక మిగిలిన రాళ్ళు వేలితో తీసి పారేస్తోంది. రెండు చేటలకే ఆమె మెడ నరాలు ఉబ్బాయి. సంపూర్ణమ్మ గారు "ఒంట్లో బలం లేదు, ఆపవే" అనడానికి నోరు తెరవడం, అనకుండా మూసుకోవడం నేను చూశాను. కాసేపటికి అన్వరీ కూడా ఇంకో చేట తెచ్చుకుని ఎదురుగా కూర్చుంది.

"మీ ఊళ్ళో అందరికీ ఇంత పెంకితనమేనా?"

"మీ వీధిలో అందరికీ ఇంత కోపమేనాండీ?"

"నాకొక్కదానికే. మా ఆయన్నడుగు."

నిసార్ అహ్మద్ గారు వినబడనట్టు మర బెల్టు సరిచేసుకున్నారు.

గంప ఖాళీ అయ్యి, కొత్త రవ్వ పట్టి, చాప మీద ఆరబోశాక సంపూర్ణమ్మ గారు మళ్ళీ సోల తీసుకుంది. అన్వరీకి ఒక సోల కొలిచింది, తనకి ఒకటి కొలుచుకుంది. సుబ్బరత్నం దగ్గరికి వచ్చి సోల చాపింది. సుబ్బరత్నం లేచి, కొంగు దులిపి, రెండు చేతులతో పట్టింది. సోలెడూ పడ్డాక తనే ముడి వేసుకుని నడుముకి దోపుకుంది.

"ఎక్కడికి?" అంది సంపూర్ణమ్మ గారు.

"ఇంటికండీ."

"అది ఇంటికి పట్టుకెళ్ళి మీ ఆయనకి పెట్టు, మీ అత్తకి పెట్టు, నీ ఇష్టం. నువ్వు మాత్రం ఇక్కడ తాగి పోవాల. పిల్లాడు ఇక్కడే ఉన్నాడు, నేను పట్టుకునే కూర్చుంటా, ఎట్టా పోతావో పో."

అన్వరీ అప్పటికే దొడ్లో పొయ్యి మీద జావ కాచింది. సత్తు గిన్నె నిండా పోసి, కొంగుతో పట్టుకుని తెచ్చింది. సుబ్బరత్నం గుమ్మం పక్కన గొంతుక్కూర్చుంది. గిన్నె అందుకుని ఊదింది. మేమందరం చూడకుండా ఉండటానికి నానా తంటాలు పడ్డాం. దానమ్మ గారు ఖాళీ డబ్బా మూత పెట్టింది, తీసింది. నేను పాపకి అక్కడ లేని కాకిని చూపించాను. సంపూర్ణమ్మ గారు ఒక్కతే ఏమీ దాచుకోకుండా ఆ గిన్నె వైపే చూస్తూ కూర్చుంది, ఒళ్ళో పిల్లాడితో.

సుబ్బరత్నం ఒక గుక్క తాగింది. ఆగింది. ఇంకో గుక్క తాగింది. గిన్నె దించి తలెత్తింది.

"ఉప్పు తక్కువైందండీ" అంది.

సంపూర్ణమ్మ గారు ఒక్క ఉదుటున లేవబోయి, ఒళ్ళో పిల్లాడున్నాడని గుర్తొచ్చి, కూర్చున్న చోటి నుంచే కేకేసింది. "అన్వరీ! వినబడిందా? ఉప్పు తక్కువైందంట! తే!"

"వినబడింది, వినబడింది" అంది లోపలి నుంచి అన్వరీ. "మొదటి గుక్కకే ఉప్పు అడిగింది. ఇంకాసేపుంటే కూర కూడా అడుగుద్ది."

"కూరెందుకులెండి, పచ్చడున్నా చాలు" అంది సుబ్బరత్నం.

అన్వరీ ఉప్పు డబ్బా ఒక చేత్తో, మామిడికాయ పచ్చడి జాడీ ఇంకో చేత్తో పట్టుకుని వచ్చింది.